పోరంబోకు: లెక్కకు బయట ఉన్న నేల

(ఒక గ్రంథాలయంలో జరిగిన సభలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. పెద్దలున్నారు, ముందు వరసలో పిల్లలూ ఉన్నారు. అయినా సరే, ఇవాళ నేను ఒక తిట్టు గురించి మాట్లాడాలి. కంగారు పడకండి, మరీ అంత తిట్టేం కాదు. మీ ఇళ్లల్లో రోజూ వినపడేదే. పిల్లాడు చీకటి పడ్డాక ఇంటికొస్తాడు. తండ్రి ఏమంటాడు? "ఎక్కడ తిరిగొస్తున్నావురా పోరంబోకు వెధవా" అంటాడు. అవునా? నవ్వుతున్నారంటే అందరూ తిన్నవాళ్లే!

ఇప్పుడు ఆ తండ్రే మర్నాడు మీ-సేవకి వెళ్లి తన పొలం అడంగల్, అంటే ఊరి భూముల లెక్క పుస్తకం నకలు తెచ్చుకుంటాడు. పక్క సర్వే నంబరు ఎదురుగా 'డొంక పోరంబోకు' అని ఉంటుంది. ఆ కింద 'కుంట పోరంబోకు'. అక్కడ అది తిట్టులా అనిపించదు. సర్కారు కాగితం మీద ఉంది కదా, మర్యాదగా చదువుతాడు. మరి రాత్రి పిల్లాణ్ణి అన్న మాటా, పొద్దున కాగితం మీద చదివిన మాటా ఒకటే కదా? ఒకటే. ఒక్క అక్షరం తేడా లేదు. ఊరందరికీ ఉమ్మడిగా ఉన్న బహిరంగ స్థలానికి పెట్టిన పేరు మనిషిని తిట్టడానికి ఎట్లా పనికొచ్చింది? ఇవాళ నేను చెప్పదలుచుకున్నది అదే.

ముందు మాట ఎక్కడిదో చూద్దాం. చాలామంది దీన్ని 'పోరం', 'బోకు' అని విడగొడతారు. బోకి అంటే కుండపెంకు, కాబట్టి పనికిరానిది అని అర్థం చెబుతారు. చెవికి బాగానే ఉంటుంది. కానీ అది కాదు. ఇది తమిళం నుంచి వచ్చిన మాట. అక్కడ 'పుఱంపోక్కు' అని రాస్తారు, 'పుఱంబోక్కు' అని పలుకుతారు. తమిళంలో అనునాసికం తర్వాత వచ్చే పకారం బకారంలా పలుకుతుంది. మనం విన్నది విన్నట్టు రాసుకున్నాం, అంతే. అడంగల్‌నే తెలంగాణలో పహాణీ అంటారు, ఆ పహాణీల్లో కొన్నిచోట్ల 'పరంపోకు' అని కూడా కనిపిస్తుంది.

'పుఱం' అంటే బయట, వెలుపల. తమిళ సాహిత్యం పరిచయం ఉన్నవాళ్లకి తెలుసు, సంగం కవిత్వాన్ని రెండు భాగాలుగా చెబుతారు. అగం, పుఱం. లోపలిది ప్రేమ, బయటిది యుద్ధం, రాజు, దానం వగైరా. ఆ పుఱమే ఈ పుఱం. ఇక 'పోక్కు' అంటే పోక. మనకీ ఉంది కదా, రాకపోకలు అంటాం, ఆ పోకే. కలిపితే ఏమైంది? బయటికి పోయినది. దేనికి బయటికి? ఊరికి బయటికా? కాదండీ. ఊరి నడిమధ్యన ఉన్న బాట కూడా పోరంబోకే. చెరువు పోరంబోకే. మరి దేనికి బయట? లెక్కకు బయట. శిస్తు లెక్కకు బయట. శిస్తు కట్టే భూముల పద్దులో చేరనిది, పక్కకు తీసి పెట్టినది, అదీ పోరంబోకు.

సరదా సంగతి ఒకటి చెబుతాను. అడంగల్ కూడా తమిళ మాటే. అడంగడం అంటే ఇమడడం, లోపల ఒదగడం. మొత్తం ఇమిడి ఉన్న లెక్క కనుక అడంగల్. అంటే ఏమైంది? పుస్తకం పేరుకి 'లోపల ఉన్నది' అని అర్థం. ఆ పుస్తకంలోనే రాసిన నేల పేరుకి 'బయటికి పోయినది' అని అర్థం. కరణాలకి ఇందులో వింతేమీ కనపడి ఉండదు. శిస్తు వచ్చేది లోపల, రానిది బయట. వాళ్ల పని అదే కదా.

ఈ పద్ధతి ఇంగ్లీషువాళ్లు తెచ్చింది కాదు. అది గుర్తుపెట్టుకోండి. చాలా పాతది. తంజావూరు పెద్ద గుడి గోడల మీద రాజరాజ చోళుడి శాసనాలున్నాయి. ఆ గుడి 1010లో పూర్తయింది. గుడికి ఇచ్చిన ఊళ్ల లెక్క ఆ శాసనాల్లో ఎట్లా రాశారో చూడండి. ముందు ఊరి మొత్తం విస్తీర్ణం. తర్వాత అందులోంచి తీసివేతలు. ఇళ్లున్న చోటు, గుళ్లు, చెరువులు, కాలవలు, కమ్మరులూ కంసాలులూ ఉండే చేరి, అంటే వాడ, పఱైయర్లు ఉండే పఱైచ్చేరి, శ్మశానం. ఇవన్నీ తీసేశాక మిగిలిన దానికే పన్ను. పన్ను లేని నేలని వాళ్లు 'ఇఱైయిలి' అన్నారు. ఇఱై అంటే పన్ను, ఇలి అంటే లేనిది. గమనించారా? తీసేసిన వాటిలో పనికిరాని నేల ఒక్కటైనా ఉందా? చెరువు లేకపోతే పన్ను కట్టే పొలమే ఉండదు. శ్మశానం లేని ఊరుంటుందా? రాజుగారు వాటిని పనికిరావని తీసెయ్యలేదు. అవి అందరికీ కావాలి కాబట్టి వాటి మీద పన్ను వెయ్యకూడదని పక్కన పెట్టాడు. అప్పట్లో బయట అంటే అర్థం అది.

మరి మన తెలుగు నేల మీదికి ఈ తమిళ మాట ఎట్లా వచ్చింది? మద్రాసు రాజధాని వల్ల, అంటే మద్రాసు ప్రెసిడెన్సీ వల్ల. అటు గంజాం నుంచి ఇటు తిరునల్వేలి దాకా ఒకే ప్రభుత్వం, ఒకే రెవెన్యూ బోర్డు, ఒకే రకం లెక్కలు. 1800లో నిజాం దత్తమండలాలని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. అక్కడికి కలెక్టరుగా థామస్ మన్రో వచ్చాడు, 1807 దాకా ఉన్నాడు. తర్వాత 1820లో మద్రాసు గవర్నరయ్యాడు. రైత్వారీ అంటే ఆయన పేరే చెప్పుకుంటాం. రైత్వారీలో మధ్యలో జమీందారు ఉండడు. సర్కారుకీ రైతుకీ నేరుగా లెక్క. నేరుగా లెక్క కావాలంటే ఏం చెయ్యాలి? ప్రతి చెక్కా కొలవాలి. ప్రతి చెక్కకీ నంబరు ఇవ్వాలి. ప్రతి నంబరుకీ ఒక తరగతి రాయాలి. రైతు పేరున ఉన్నదానికి జిరాయితీ అన్నారు. సాగు చేస్తే శిస్తు వచ్చేదే కానీ ప్రస్తుతం ఎవరూ చెయ్యనిదానికి బంజరు అన్నారు. శిస్తు ప్రశ్నే లేకుండా అందరి అవసరానికీ వదిలినదానికి పోరంబోకు అన్నారు.

ఇక్కడ ఒక్క నిమిషం. బంజరూ పోరంబోకూ ఒకటే అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఒకటి కాదు. బంజరు ఖాళీగా ఉంది, రేపెవరైనా దున్నుకోవచ్చు, శిస్తు కట్టొచ్చు. పోరంబోకు ఖాళీగా లేదు. దానికి పని ఉంది. ఆ పని వ్యవసాయం కాదు, అంతే తేడా. అందుకే రెవెన్యూ బోర్డు నిబంధనల ప్రకారం బంజరుని పట్టా ఇచ్చినంత తేలిగ్గా పోరంబోకుని ఇవ్వడానికి లేదు. ముందు దాని తరగతి మార్చాలి, ఆ తర్వాతే ఇవ్వాలి. ఈ తరగతి మార్చడం అనే పని దగ్గరికి మళ్లీ వస్తాను.

ఇప్పటిదాకా కోస్తా, రాయలసీమ సంగతి చెప్పాను. తెలంగాణ నుంచి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు కదా ఇక్కడ? ఉన్నారు. మీ ఊళ్ల రికార్డులు నిజాం కాలం నాటివి. అక్కడి చట్టం పేరులోనే ఫసలీ ఉంది, 1317 ఫసలీ భూమి శిస్తు చట్టం. ఫసలీ అంటే శిస్తు లెక్కలకి వాడిన సంవత్సరం. ఆ లెక్కల భాష వేరు, ఫారసీ, ఉర్దూ. మాటలు పూర్తిగా వేరు. కానీ వాటి లోపలి అర్థాలు చూడండి, ఒళ్లు జలదరిస్తుంది.

'ఖారిజ్ ఖాతా' అన్నారు. పట్టాదారు వదిలేసుకున్న భూమి, ఖాతాలోంచి కొట్టేసిన భూమి. ఖారిజ్ అంటే ఏమిటి? బయట. ఖాతాకి బయట. 'బిలా దాఖలా' అన్నారు. సర్వే నంబరు పడని నేల. బిలా అంటే లేకుండా. దాఖలా లేకుండా. ఇక 'శివాయి జమ' గురించి అందరూ వినే ఉంటారు. సర్కారు భూమిలో అనుమతి లేకుండా సాగు చేస్తే వేసే పన్ను. మా చిన్నప్పుడు శివుడి పేరున కట్టే పన్నేమో అనుకునేవాళ్లం. శివుడికీ దానికీ ఏ సంబంధం లేదు. 'సివాయ్' అంటే కాకుండా, అది మినహా అని. మామూలు జమ కాకుండా, దానికి పైన, దానికి వెలుపల వచ్చినది. అక్కడ పుఱం, ఇక్కడ ఖారిజ్, సివాయ్. తమిళానికీ ఫారసీకీ చుట్టరికం లేదు. తంజావూరు కరణం, హైదరాబాదు ముంషీ ఒకరినొకరు చూసుకొని ఉండరు. అయినా ఇద్దరూ నేల వైపు చూసి ఒకే మాట అన్నారు, బయట అని. ఎందుకంటే ఇద్దరి చేతిలోనూ ఉన్నది ఒకటే, శిస్తు పుస్తకం.

ఒక్క మాట మాత్రం వేరే రకం. 'షికం'. చెరువు గర్భంలోని భూమిని షికం అంటారు కదా. ఫారసీలో షికం అంటే కడుపు. చెరువు కడుపు! లెక్క రాసేవాళ్లు ఇట్లాంటి నేలకి పెట్టిన పేర్లలో లోపల అనే అర్థం వచ్చేది నాకు ఇదొక్కటే కనిపించింది. ఇప్పుడు ఆ మాట పోతోంది. దాని స్థానంలో ఎఫ్‌టీఎల్, అంటే చెరువు నిండితే నీళ్లు నిలిచే హద్దు, బఫర్ జోన్, అంటే ఆ హద్దు చుట్టూ ఏమీ కట్టకూడని జాగా, అంటున్నారు. ఫ్లాటు కొనేవాళ్లకి ఆ రెండు మాటలంటే టెన్షన్, షికం అంటే తెలియదు.

సరే, ఇంతకీ ఈ లెక్కకు బయట ఉన్న నేలలో ఏముంది? ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టంలో ఒక జాబితా ఉంది. 1994 నాటి చట్టం అది, కానీ ఆ జాబితా అంతకు ముందు చట్టాల నుంచి వస్తున్నదే. పశువుల మేత బీళ్లు, కళ్లాలు, శ్మశానాలు, మందబయళ్లు, బండ్లు నిలిపే చోట్లు, తోపులు. ఆరు పేర్లు. చట్టంలో ఇంత అందమైన వాక్యం నేను తక్కువ చూశాను. ఒక ఊరి జీవితం మొత్తం అందులో ఉంది.

కళ్లం సంగతి చూడండి. పంట నూర్చే రోజుల్లో అది కళ్లం. ధాన్యం రాశులు పోస్తారు, రాత్రి కాపలా పడుకుంటారు. మరి మిగతా నెలలు? పిల్లలు ఆడుకుంటారు. హరికథ అక్కడే, తోలుబొమ్మలాట అక్కడే. ఎన్నికలొస్తే సభ అక్కడే. రిజిస్టరులో ఏమని ఉంది? 'కళ్లం పోరంబోకు', ఒకే ఒక్క మాట. నేల నాలుగు పనులు చేస్తోంది, పుస్తకంలో గడి ఒకటే.

మందబయలు అంటే ఈ తరం పిల్లలకి తెలియకపోవచ్చు. పొద్దున్నే ఊళ్లో పశువులన్నీ ఒకచోట చేరతాయి. అక్కణ్ణించి పసులకాపరి మేతకి తోలుకుపోతాడు. సాయంత్రం మళ్లీ అక్కడికే తెస్తాడు, ఎవరి గొడ్డు వాళ్లింటికి దానంతటదే పోతుంది. ఆ చేరే చోటు మందబయలు. దాని పక్కనే చాలా ఊళ్లల్లో బందెలదొడ్డి ఉండేది. పరాయి చేలో పడ్డ గొడ్డుని తెచ్చి బందె పెట్టేవాళ్లు. అంటే ఊరి పశువులకి సమావేశ మందిరం ఒకటి, జైలు ఒకటి.

బాటల పేర్లయితే ఇంకా బాగుంటాయి. గోదావరి జిల్లాల్లో పుంత అంటారు. కృష్ణా, గుంటూరు వైపు డొంక అంటారు. తెలంగాణలో బండ్లబాట, లేదా నక్షబాట. నక్షబాట అంటే ఊరి నక్షలో గీసి ఉన్న బాట. ఊరి పటంలో ఉంది కాబట్టి దీన్ని మూసే హక్కు నీకు లేదు అని ఆ పేరే చెబుతోంది. పోరంబోకు అనే మాటలో ఈ గట్టిదనం లేదు. అందుకే నాకు నక్షబాట అనే మాటంటే ఇష్టం.

చెరువు సంగతి తెలిసిందే. నిండితే నీళ్లు. ఎండితే దాని గర్భంలో మేత. ఇంకా ఎండితే మట్టి తవ్వి పొలాలకి తోలుకుంటారు. అదీ ఎరువే.

ఇక్కడ నన్నెవరైనా ఆపి అడగొచ్చు. అందరిదీ అంటే ఎవరిదీ కాదు కదా, ఎవరికి దొరికినంత వాళ్లు లాక్కుంటారు కదా అని. 1968లో గారెట్ హార్డిన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త అచ్చం ఈ వాదమే చేశాడు. ఉమ్మడి బీడులో ప్రతివాడూ ఇంకో గొడ్డుని తోలుతాడు, చివరికి బీడే మిగలదు అన్నాడు. ఆ వాదం ప్రపంచమంతా పాకింది. తర్వాత ఎలినార్ ఆస్ట్రమ్ అనే ఆవిడ దేశదేశాల్లో చేపల రేవులు, అడవులు, కాలవలు ఎట్లా నడుస్తున్నాయో చూసి, జనం తమలో తాము నియమాలు పెట్టుకుంటారు, వాటిని కాపాడుకుంటారు అని చూపించింది. 2009లో ఆవిడకి అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆ బహుమతి అందుకున్న మొదటి మహిళ ఆవిడే.

మనం అంత దూరం పోనక్కర్లేదు. మన చెరువులకి నీరటి ఉండేవాడు కాదా? రాయలసీమలో నీరుగంటి. తూము ఎప్పుడు తియ్యాలి, ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు, అతనే చూసేవాడు. పెద్ద రైతు అయినా సరే తనంతట తాను తూము తియ్యడానికి లేదు. తోపులో మామిడి కాయలకి వేలంపాట పెట్టేవాళ్లు, ఆ డబ్బు ఊరి పనికి వాడేవాళ్లు. అంటే లెక్కకు బయట ఉన్న నేలకి ఊరి లెక్క ఒకటి ఉంది. అది పుస్తకంలో లేదు, జనం నోట్లో ఉంది. కొంత కరణం బుర్రలో ఉంది. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో కరణం, మునసబు వ్యవస్థని రద్దు చేశారు. ఆ వ్యవస్థ పోవలసిందే, దాని అన్యాయాలు దానికున్నాయి, నేను దాని కోసం ఏడవడం లేదు. కానీ ఆ బుర్రలో ఉన్న లెక్కని ఎవరూ రాసి పెట్టుకోలేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ నేల ఎవరిది? ఊరిదా, సర్కారుదా?

1905లో మద్రాసు ప్రభుత్వం భూ ఆక్రమణల చట్టం చేసింది. 1905 మూడో చట్టం. అది ఇప్పటికీ మన దగ్గర అమల్లో ఉంది, పేరు ముందు మద్రాసు తీసి మన రాష్ట్రం పేరు పెట్టుకున్నాం. దాని రెండో సెక్షన్ చదవండి. బాటలు, వీధులు, వంతెనలు, సముద్రం అడుగు, నదులు, వాగులు, చెరువులు, కాలవలు, నిలిచి ఉన్న నీళ్లు, పారే నీళ్లు... ఒకటా రెండా, వరసగా చెప్పుకుంటూ పోయి, వేరేవాళ్ల హక్కు రుజువైతే తప్ప ఇవన్నీ ప్రభుత్వ ఆస్తి అంటుంది. నాకు ఆ వాక్యం చదివినప్పుడల్లా ఊపిరాడదు. పారే నీళ్లు కూడా! లెక్కకు బయట అన్న నేల ఒక్క వాక్యంతో సర్కారు లెక్కలోకి వచ్చేసింది. చట్టం ఉద్దేశం ఆక్రమణల్ని ఆపడమే, కాదనను. కానీ అందరిదీ అన్నది పోయి ప్రభుత్వానిది అయింది.

జమీందారీ ప్రాంతాల్లో ఇదే పని 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో జరిగింది. జమీందారుతో పాటు ఉమ్మడి భూములూ సర్కారుకి దఖలు పడ్డాయి.

మరి పంచాయతీ చట్టంలో ఉన్న ఆ అందమైన వాక్యం? దానికో తోక ఉంది. ఈ పోరంబోకులన్నీ పంచాయతీకి దఖలు పడతాయి, ప్రభుత్వానికి ప్రత్యేకంగా అవసరం లేనంత వరకు! అవసరం వచ్చిందని ప్రభుత్వం అంటే చాలు.

ఇందాక తరగతి మార్చడం అన్నాను కదా. అదెట్లా జరుగుతుంది? ఒక ప్రతిపాదన రాస్తారు. మేత బీడు ఇప్పుడు మేతకి వాడటం లేదు అంటారు. పంచాయతీ తీర్మానం కావాలి, తెస్తారు. మేత పోరంబోకు కాస్తా బంజరు అవుతుంది. బంజరు అయ్యాక పట్టా ఇవ్వచ్చు, స్థలం ఇవ్వచ్చు, ఫ్యాక్టరీకి ఇవ్వచ్చు. నేల కదల్లేదు, దాని మీద గడ్డి కదల్లేదు. పుస్తకంలో ఒక్క మాట మారింది.

ఇందుకే మాట ముఖ్యం అంటున్నాను. 'మేత బీడు' అంటే గ్రామసభలో ఎవరో ఒకరు లేచి మా గొడ్లు ఎక్కడ మేస్తాయి అని అడుగుతారు. 'పోరంబోకు' అంటే ఎవరు లేస్తారు? పోరంబోకు పోతే పోయిందిలే అనుకుంటాం. ఇంగ్లీషు దొరలు దీన్ని 'వేస్ట్' కింద రాశారు. వాళ్ల దేశంలోనూ పల్లెల ఉమ్మడి బీళ్లని వేస్ట్ అనే అనేవాళ్లు. ఆ మాట మన రిజిస్టర్లలోకి వచ్చేసరికి చెత్త అనే అర్థమే మిగిలింది.

2011 జనవరి 28న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. జగ్‌పాల్ సింగ్ కేసు. పంజాబులో ఒక ఊరి చెరువుని పూడ్చి ఇళ్లు కట్టుకున్న వ్యవహారం. కోర్టు అక్కడితో ఆగలేదు. దేశంలో ఉమ్మడి భూములకి ఎక్కడెక్కడ ఏ పేర్లున్నాయో చెబుతూ షామ్‌లాత్ అంది, పోరంబోకు అంది, మైదాన్ అంది. అవి దేనికో కూడా చెప్పింది. పశువులు నీళ్లు తాగడానికి, ధాన్యం నిలవ చేసుకోవడానికి, మేతకి, నూర్పిడికి, పిల్లల ఆటకి, సర్కస్‌కి, రామలీలకి, బండ్లు నిలపడానికి, శ్మశానానికి. ఇందాకటి మన జాబితాయే, దాదాపుగా. ఆక్రమణల్ని తొలగించి ఊరికి అప్పగించడానికి పథకాలు తయారు చెయ్యమని అన్ని రాష్ట్రాలకీ చెప్పింది.

అయితే అదే తీర్పులో ఒక మినహాయింపు ఉంది. భూమి లేని కూలీలకి, ఎస్సీ ఎస్టీలకి ప్రభుత్వం ఉత్తర్వు ద్వారా ఇచ్చినచోట, అప్పటికే బడో ఆసుపత్రో ఉన్నచోట క్రమబద్ధం చెయ్యొచ్చు అంది. ఆ మినహాయింపు గురించి మాట్లాడకుండా నేను దిగిపోతే అన్యాయం.

ఉమ్మడి అన్న నేల నిజంగా అందరికీ ఉమ్మడిగా ఉందా? మీరే చెప్పండి. ఊరి చెరువులో అందరూ దిగారా? శ్మశానం అందరికీ ఒకటేనా? ఎన్ని మాలపల్లెలకి, మాదిగపల్లెలకి ఇవాళ్టికీ సొంత శ్మశానం లేదు? కాబట్టి పాత ఊరు బంగారం, పోరంబోకు స్వర్గం అని నేను చెప్పడం లేదు. సెంటు జాగా లేని మనిషి ఎక్కడ గుడిసె వేసుకుంటాడు? జిరాయితీలో ఎవడూ వెయ్యనివ్వడు. పోరంబోకులోనే వేసుకుంటాడు. వాగు ఒడ్డున, చెరువు గట్టున, డొంక పక్కన. అతనిదీ ఆక్రమణే, పక్కన పదెకరాలు కలుపుకున్న ఆసామిదీ ఆక్రమణే. కాగితం మీద రెంటికీ మాట ఒకటే. నా లెక్కలో మాత్రం అవి రెండూ ఒకటి కాదు. ప్రభుత్వాలు కూడా అభ్యంతరకర పోరంబోకు, అభ్యంతరం లేని పోరంబోకు అని విడదీశాయి. తెలంగాణలో 2014 డిసెంబరులో వచ్చిన 58, 59 జీవోలు ఆ అభ్యంతరం లేనివాటిలో కట్టుకున్న ఇళ్ల గురించే. చెరువు గర్భం అభ్యంతరకరం. ఆ విభజన సబబే.

ఇప్పుడు తిట్టు దగ్గరికి వద్దాం. బేవార్సు అనే మాట విన్నారు కదా? అదీ తిట్టే. బే అంటే లేని, వారిస్ అంటే వారసుడు. వారసుడు లేని ఆస్తి, బేవారిస్. అదీ ఆస్తి లెక్కల మాటే, అదీ మనిషికి తిట్టయింది. చూడండి, మన దగ్గర మనిషిని తీసిపారెయ్యడానికి రెవెన్యూ ఆఫీసు నుంచి మాటలు తెచ్చుకున్నాం. వారసుడు లేకపోతే బేవార్సు. పట్టా లేకపోతే పోరంబోకు. నా ఊహ ఏమిటంటే, ఇది శ్మశానం మీద, బీడు మీద ఆధారపడి బతికినవాళ్లు పుట్టించిన తిట్టు అయి ఉండదు. వాళ్లకి ఆ నేల పనికిరానిదని ఎప్పుడూ అనిపించలేదు. శిస్తు కట్టి, పట్టా చేత్తో పట్టుకున్నవాడి కళ్లతో చూస్తేనే అది పనికిరాని నేల, దాని మీద తిరిగేవాడు పనికిరాని మనిషి. ఇది ఊహే, రుజువు అడక్కండి.

ఒక అంకె చెబుతాను. 1998లో జాతీయ నమూనా సర్వే 54వ రౌండులో ఉమ్మడి భూముల్ని లెక్క వేశారు. దేశ భూభాగంలో సుమారు 15 శాతం అని తేలింది. ఏటికేడాదీ తగ్గుతోందని కూడా తేలింది. పనికిరానిది 15 శాతం ఉంటే దాన్ని ఇంతమంది ఎందుకు కలుపుకుంటున్నారో నాకు అర్థం కాదు.

వెనక వరసలో ఆయన చెయ్యి ఎత్తుతున్నారు. చెప్పండి. "మా ఊళ్లో డొంక అడంగల్‌లో ఉంది, నేల మీద లేదు" అంటున్నారు. అదీ అసలు సమస్య! చాలా ఊళ్లల్లో అంతే. మీరు అడంగల్ ఒక్కటే చూస్తే లాభం లేదు. మూడు కాగితాలు దగ్గర పెట్టుకోవాలి. ఒకటి ఊరి పటం. రెండు, ఆ నంబరు తాలూకు ఎఫ్‌ఎంబీ, అంటే కొలతల పుస్తకంలో ఆ చెక్క బొమ్మ. డొంక వెడల్పు ఎంతో అందులో కొలతలతో ఉంటుంది. మూడోది పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టరు, మనవాళ్లు ఆర్‌ఎస్‌ఆర్ అంటారు. తెలంగాణ అయితే సేత్వార్. పాత రిజిస్టరులో డొంక అని ఉండి, కొత్తదాంట్లో ఇంకోటి ఉంటే, మధ్యలో తరగతి మార్చిన ఉత్తర్వు ఒకటి ఉండాలి. ఆ ఉత్తర్వు కాపీ ఇవ్వమని సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఉత్తర్వు లేదని రాసిచ్చారనుకోండి, ఇంకా మంచిది, అది మీ చేతిలో కాగితం. అప్పుడు సర్వేకి దరఖాస్తు పెట్టి, పక్క రైతులకి నోటీసులిప్పించి, రాళ్లు ఎక్కడుండాలో కొలిపించండి. ఒక్కరే వెళ్లకండి, నలుగురైదుగురు కలిసి సంతకాలు పెట్టి వెళ్లండి. ఒక్కడు వెళ్తే పాత తగాదా తీర్చుకుంటున్నాడంటారు.

ఇంకెవరైనా అడిగేదుంటే అడగండి, ఇంకా పావుగంట టైముంది.